సాయం ఉంది, చేర్చే మనిషే కావాలి: మీ వీధిలో సహాయ బృందం నడపడం ఎలా?

సచివాలయం ఊళ్లోనే ఉంది. అంగన్‌వాడీ పక్క వీధిలోనే ఉంది. ఆశా కార్యకర్త మన గుమ్మం ముందు నుంచే పోతూ ఉంటుంది. అయినా నెల్లూరు జిల్లాలో ఏ ఊరికి పోయినా నాలుగైదు ఇళ్లు మిగిలిపోయి కనిపిస్తాయి. భర్త పోయి ఏడాది దాటినా పింఛను రానామె ఒకరు. బడి మానేసి రొయ్యల గుంటల దగ్గర పనికి పోతున్న పిల్లవాడు ఒకడు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షకు ఆస్పత్రి దాకా పోలేక మంచంలోనే ఉండిపోయిన పెద్దాయన ఇంకొకరు. పథకాలు లేక వీళ్లు ఆగిపోలేదు. ఎక్కడికి పోవాలో, ఏ కాగితం పట్టుకుపోవాలో చెప్పి వెంట వచ్చేవాళ్లు లేక ఆగిపోయారు.

వాలంటీర్ల వ్యవస్థ 2024 తర్వాత నడవడం లేదు. సచివాలయ సిబ్బందికి సర్వేలతో, డ్యూటీలతో ఊపిరాడదు. వాళ్లే ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏం అందలేదో కనుక్కుంటారని ఎదురుచూడటం కంటే, వీధిలో నలుగురం కలిసి ఆ పని చేసుకోవడం మేలు. అదెలాగో వరుసగా రాస్తున్నాను. నెల్లూరు జిల్లాను మనసులో పెట్టుకుని రాసినా ప్రకాశం జిల్లా వాళ్లకు కూడా దాదాపు అంతా పనికొస్తుంది.

ఇలాంటి పని మన జిల్లాకు కొత్త కాదు. 1990ల మొదట్లో అక్షరాలు దిద్దుకుందామని రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లే దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా అంగడి మూయించారు. అక్కడ మొదలైన కదలికతో 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఇవాళ ఊరూరా ఉన్న పొదుపు సంఘాలకు ఆ కాలంలో పడిన పునాది చాలా గట్టిది. మీ బృందాన్ని కూడా ఆ సంఘాల నుంచే మొదలుపెట్టమని నా సలహా.

మొదటి పని: నలుగురిని కూడగట్టుకోండి

పది మంది అక్కర్లేదు, నలుగురు చాలు. అయితే ఆ నలుగురూ నాలుగు రకాల వాళ్లయి ఉండాలి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిన పొదుపు సంఘం లీడరు ఒకరు. ఫోన్లో అప్లికేషన్లు నింపగలిగే డిగ్రీ పిల్లో పిల్లవాడో ఒకరు. అర్జీ తప్పుల్లేకుండా రాయగలిగే రిటైర్డ్ టీచరో పోస్టుమాస్టరో ఒకరు. నాలుగో మనిషి తప్పనిసరిగా ఊరి చివర కాలనీ నుంచి రావాలి. ఆ కాలనీ మనిషి లేని బృందం రోడ్డు మీద ఇళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది నేను చాలా చోట్ల చూశాను.

పార్టీ జెండా మోసేవాళ్లు మంచివాళ్లయినా ఈ నలుగురిలో వద్దు. ఊళ్లో సగం మంది ఆ గడప తొక్కరు. సొసైటీ రిజిస్ట్రేషన్, బ్యానరు, రసీదు పుస్తకం లాంటివి కూడా వద్దు. వారానికి ఒక సాయంత్రం, ఒకే చోట, ఒకే వేళకు కూర్చోండి. రచ్చబండ, బడి వరండా, గుడి అరుగు, చర్చి ఆవరణ ఏదైనా సరే, కులం అడ్డం రాని చోటు చూసుకోండి. ఆదివారం చీకటి పడే వేళ మంచిది. సోమవారం పొద్దున కలెక్టరేట్‌కు పోవాల్సిన కాగితాలు అప్పుడే సర్దుకోవచ్చు.

ఎవరు ఏ పని చేస్తారో ముందు మీరు తెలుసుకోండి

పథకాల పేర్లు బట్టీ పట్టినా పెద్ద లాభం లేదు. పేర్లు మారుతుంటాయి, పని చేసే మనిషి ఎవరన్నది తెలిస్తే చాలు. ఒకరోజు తీరిగ్గా సచివాలయానికి పోయి అందరినీ పలకరించి రండి. పింఛన్లు, విద్యార్థుల పథకాలు వెల్ఫేర్ అసిస్టెంట్ చూస్తారు. సర్టిఫికెట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు డిజిటల్ అసిస్టెంట్ దగ్గర. కులం, ఆదాయం, భూమి సంగతులు వీఆర్వోతో మొదలై తహసీల్దారు దాకా పోతాయి. జనన మరణాల నమోదు పంచాయతీ కార్యదర్శి పని. గర్భిణులు, బాలింతలు, బీపీ షుగర్ మందులు ఏఎన్ఎం చూసుకుంటారు. ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే దౌర్జన్యాల సంగతి మహిళా పోలీసుకు చెప్పాలి. టౌనులో అయితే వార్డు సచివాలయంతో పాటు, అక్కడి పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్‌పీ అక్కను పరిచయం చేసుకోండి. సంఘాల్లో ఉన్న ప్రతి ఇల్లూ ఆమెకు తెలుసు.

ఆస్పత్రి విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించే ప్రతి ఆస్పత్రిలో వైద్యమిత్ర అని ఒకరు డెస్కు దగ్గర కూర్చుంటారు. నెల్లూరు పెద్దాస్పత్రిలోనైనా ప్రైవేటులోనైనా డబ్బు కట్టకముందే నేరుగా ఆ డెస్కుకు పోవాలి. కట్టేశాక బాధపడేవాళ్లే ఎక్కువ.

ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనిపించే గోడకు అంటించండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104, ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098, వయసు మళ్లినవాళ్లకు 14567, మనసు బాగోనివాళ్లకు 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100, ఆన్‌లైన్ మోసాలకు 1930, కరెంటుకు 1912, ప్రభుత్వ ఫిర్యాదులకు 1100. 2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 95523 00009 కూడా రాయండి. ఆ నంబరుకు హాయ్ అని పెడితే చాలా రకాల సర్టిఫికెట్లకు ఇంటి నుంచే దరఖాస్తు చేయొచ్చు.

ఇల్లిల్లూ తిరిగేటప్పుడు

"మీకు ఏ పథకాలు రావడం లేదు?" అని అడగకండి. అలా అడిగితే మీరేదో ఇప్పిస్తారని ఆశ పెట్టుకుంటారు, లేకపోతే సర్వే అనుకుని ముక్తసరిగా చెప్పి పంపేస్తారు. కూర్చోండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరి సంపాదన మీద నడుస్తోంది, ఎవరికి ఒంట్లో బాగోలేదు, పిల్లలు ఏ బడికి పోతున్నారు అని మామూలు మాటల్లో అడగండి. అవసరం ఆ మాటల్లోనే బయటపడుతుంది. "మా వాడు ఈ మధ్య బడికి పోనంటున్నాడు నాయనా" అన్న మాటలో ఒక్కోసారి ఇల్లంతా మునిగే అప్పు ఉంటుంది.

వేళ చూసుకుని పోవాలి. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు కోతల రోజుల్లో పొద్దున ఏడు దాటితే ఇళ్లల్లో ఎవరూ దొరకరు. చెరువుల మీద, ఆక్వా ప్లాంట్లలో షిఫ్టులకు పోయే ఆడవాళ్లు ఉండే వీధులకు రాత్రి భోజనాల వేళ నయం. వేట నిషేధం నడిచే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మత్స్యకారుల పట్టపుపాళేల్లో మగవాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు, అప్పుడు తిరగండి. వేట నిషేధ కాలానికి ఇచ్చే 20,000 రూపాయల భృతి ఎవరికి అందిందో, ఎవరి పేరు జాబితాలో తప్పిపోయిందో కూడా తెలుస్తుంది.

ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టుకోండి. పేరు, ఇంటి గుర్తు, సమస్య ఏమిటి, ఏ కాగితం తక్కువ, మనలో ఎవరు వెంట పోతారు, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఈ ఆరు గళ్లు చాలు. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ పేరును మరిచిపోయినట్టే లెక్క.

ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఆ పుస్తకంలో రాయకండి. ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోకండి. ఓటీపీ వస్తే ఆ ఇంటివాళ్లే చూసి చెప్పాలి, ఫోను మీ చేతికి ఇవ్వనివ్వకండి. మీ మీద నమ్మకం లేక కాదు, రేపు ఎవరి ఖాతాలో డబ్బు పోయినా మొదటి అనుమానం మీ మీదికే వస్తుంది.

కాగితాల దగ్గర ఓపిక పట్టాలి

నాకు తెలిసినంతలో ఆగిపోయిన పనుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగుతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామెకు ఆధార్‌లో పోలమ్మ అని ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో పోలేరమ్మ. రైస్ కార్డులో ఇంటిపేరే లేదు. భర్త మరణ ధ్రువపత్రంలో భార్య పేరు మళ్లీ ఇంకోలా. ఈ నాలుగు కాగితాలూ ఒకే మనిషివని ఊరంతా చెబుతుంది, కంప్యూటరు ఒప్పుకోదు.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ఆధార్ మార్చడానికి పరుగెత్తుతారు. ఆగండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఆ ఒక్కసారీ హడావిడిలో వాడేస్తే రేపు అరవై ఏళ్లు నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు దారి ఉండదు. ముందు నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచి చూడండి. ఆధార్‌లో ఉన్నది సరైన పేరే అయితే మిగతా మూడింటినీ దానికి తగ్గట్టు మార్పించండి. బ్యాంకులో ఒక అర్జీతో పని అయిపోతుంది.

తర్వాత బ్యాంకు లింకు చూడండి. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అంటారు. ప్రభుత్వ డబ్బు మాత్రం ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ రికార్డులో, ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాకే పోతుంది. ఎప్పుడో లోను కోసం తెరిచి వదిలేసిన ఇంకో బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతూ ఉంటుంది, ఆమె మాత్రం రాలేదని ఏడుస్తూ ఉంటుంది. ఏ బ్యాంకుకు లింకైందో డిజిటల్ అసిస్టెంట్‌ను అడిగి చూపించుకోండి.

"రిజెక్ట్" అన్న మాట వినగానే వెనక్కి రావద్దు. ఏ కారణంతో అని అడగండి. చాలా పథకాలకు ఆరు అంచెల పరిశీలన ఉంటుంది. పల్లెలో నెలకు 10,000, టౌనులో 12,000 దాటిన ఆదాయం, మూడెకరాలకు మించిన మాగాణి లేదా పదెకరాలకు మించిన మెట్ట, ట్యాక్సీ ఆటో ట్రాక్టరు కాని నాలుగు చక్రాల బండి, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇలాంటివన్నీ చూస్తారు. అద్దె ఇంట్లో ఉండే కూలి కుటుంబానికి 300 యూనిట్లు ఎక్కడివి? ఇంటి ఓనరు మీటరుకు వీళ్ల ఆధార్ తగిలించి ఉంటారు. కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి ఆ లింకు తీయించి, ఆ కాగితం సచివాలయంలో చూపించాలి. అలాగే పెళ్లయి వేరు పడిన కొడుకు సచివాలయం రికార్డులో ఇంకా తల్లి కుటుంబం కిందే (దీన్నే మ్యాపింగ్ అంటారు) ఉంటే అతని జీతమో కారో తల్లికి అడ్డం పడుతుంది. ఇది కూడా సచివాలయంలోనే విడదీయించుకోవాలి. ఈ రెండు చిక్కులే ఎన్నో ఇళ్లను ఆపేస్తుంటాయి.

వేలిముద్రలు పడకపోవడం ఇంకొకటి. ఉప్పు కయ్యల్లో, రొయ్యల తొక్క తీసే షెడ్లలో ఏళ్ల తరబడి పని చేసిన చేతులు అరిగిపోతాయి. మెషిను మీద వేలు పెట్టి పెట్టి, పడలేదని ఇంటికి పంపేస్తే ఆ అవ్వ సిగ్గుపడి మళ్లీ రాదు. కంటిపాపతో గానీ ముఖంతో గానీ గుర్తించే వీలుంది. "అవ్వకు ఐరిస్‌తో చూడండన్నా" అని మర్యాదగా, గట్టిగా అడగండి.

పింఛను గురించి తప్పకుండా తెలియాల్సినవి

ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. ఉదయగిరి మెట్టల్లో, అటు కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో అందరికీ తెలిసిందే. అక్కడి ఇళ్లల్లో డయాలసిస్ కాగితాలు ఒక్కటీ పారేయకుండా దాచమని చెప్పండి.

పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు ఇచ్చే ఏర్పాటు ఉంది. చావు ఇంట్లో కాగితాల మాట ఎత్తడం కష్టమే. అయినా మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు, తిప్పట లేదు. కర్మకాండలు అయిన వెంటనే బృందంలో పెద్ద వయసు ఆమె ఒకరు పోయి ఈ సంగతి నెమ్మదిగా చెప్పాలి. ఈ ఒక్క పని సకాలంలో జరిగితే ఆ ఇల్లు నిలబడుతుంది.

కూలికి బెంగళూరో హైదరాబాదో పోయినవాళ్ల పింఛను కూడా జాగ్రత్తగా చూడాలి. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల వచ్చి కలిపి తీసుకోవచ్చు. మూడు నెలలు వరసగా రాకపోతే ఆపేస్తారు. మీ పుస్తకంలో ఇలాంటివాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టి, మూడో నెల ఒకటో తారీఖుకు ముందే ఫోను చేయండి.

కొత్త పింఛను అర్జీలు ఏడాది పొడవునా తీసుకోరు. ప్రభుత్వం తెరిచినప్పుడే తీసుకుంటారు. అందుకని అర్హులందరి కాగితాలూ ముందే సరిచేసి ఉంచండి. దివ్యాంగులకు సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి, స్లాటు సచివాలయంలోనే బుక్ చేస్తారు. స్లాటు రోజున మనిషిని తీసుకుపోవడానికి ఆటో ఎవరిది, పట్టుకుని దించేవాళ్లు ఎవరు అన్నది ముందురోజే తేల్చుకోండి.

రేషన్ సంగతి కూడా చెప్పాలి. 2025 జూన్ నుంచి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు డీలరు ఇంటికి తెచ్చివ్వాలి. ఈ సంగతి తెలియక కర్ర పట్టుకుని షాపు దాకా నడిచే తాతలు ఉన్నారు.

సచివాలయానికి వెంట పోండి, మాట్లాడనివ్వండి

ఒకటో తారీఖున పోకండి, సిబ్బంది అంతా పింఛన్ల పంపిణీలో ఉంటారు. మీరు పక్కన కూర్చోండి. మాట్లాడేది ఆ అవ్వో ఆ అన్నో కావాలి. మీరే అంతా మాట్లాడేస్తే రెండోసారి కూడా మీరే రావాలి. మాట తడబడినప్పుడు మాత్రం అందుకోండి.

రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు. "ఎక్కించాంలే, వస్తుంది" అంటే, "ఒక్క నంబరు రాసివ్వండి పాపా, మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా నేనే చూసుకుంటాను" అనండి. సిబ్బందితో గొడవ పడి సాధించేది తక్కువ. వాళ్లు కూడా మన పిల్లలే, పైనుంచి ఒత్తిడి వాళ్లకూ ఉంటుంది. మంచిగా పని చేసినప్పుడు ఒక మాట చెప్పి రండి.

అక్కడ తేలకపోతే

ముందు 1100కు ఫోను చేసి అర్జీ ఎక్కడ ఆగిందో కనుక్కోండి. తేలకపోతే ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోవాలి. మండలంలోనూ జరుగుతుంది. నెల్లూరు కలెక్టరేట్‌లో అయితే తిక్కన ప్రాంగణంలో తీసుకుంటారు. పోలీసులకు సంబంధించినవైతే అదే రోజు ఎస్పీ ఆఫీసులో ఇవ్వొచ్చు. ఆత్మకూరు, రాపూరు, కలువాయి అంత దూరం నుంచి వచ్చేవాళ్లు మొదటి బస్సుకే బయల్దేరండి. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కాబట్టి తోడుగా ఆడవాళ్లే పోతే చార్జీలు కలిసొస్తాయి. మధ్యాహ్నం అన్న క్యాంటీన్లో ఐదు రూపాయలకు భోజనం చేయొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు మందులు, ఏదైనా తినేది సంచిలో పెట్టుకోండి. క్యూ ఎంతసేపుంటుందో చెప్పలేం.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒకటే సమస్య. కష్టాలన్నీ ఏకరువు పెట్టకుండా తేదీలు రాయండి. ఇలా ఉంటే చాలు:

"కలెక్టరు గారికి, ఫలానా మండలం, ఫలానా ఊరి నుంచి ఫలానా ఆమె రాసుకున్న అర్జీ. నా భర్త ఫలానా తేదీన చనిపోయారు. ఆయనకు వృద్ధాప్య పింఛను వచ్చేది. ఆ పింఛను నాకు ఇవ్వమని ఫలానా తేదీన మా సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను, రసీదు నంబరు ఇది. ఇంతవరకు మంజూరు కాలేదు, కారణం చెప్పలేదు. నాకు పింఛను మంజూరు చేయాలని, వీలుకాకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను. జతపరిచినవి: ఆధార్, మరణ ధ్రువపత్రం, రసీదు జిరాక్సు."

చివరి వాక్యం, కారణం రాతపూర్వకంగా ఇవ్వమన్నది, ఎప్పుడూ వదలకండి. పని కాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే 1100కు చెప్పి అర్జీని మళ్లీ తెరిపించండి. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు ఉంది. ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉన్నవాళ్లు అదీ కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాగితంతో తేలని కష్టాలు

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్ల మీ దగ్గరికి వస్తే పంచాయితీ పెట్టకండి. "సర్దుకుపో తల్లీ" అనే పెద్దమనుషులు ఊళ్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆమె మాట పూర్తిగా వినండి, రాత్రికి ఎక్కడ ఉంటుందో అడగండి, ఆమె సరేనంటే 181కు చేయించండి. నెల్లూరులో వన్ స్టాప్ సెంటర్ ఉంది. అక్కడ కొద్ది రోజులు ఉండటానికి చోటు, వైద్యం, లాయరు సాయం ఒకే చోట దొరుకుతాయి. ఆమె పేరు పుస్తకంలో రాయకండి. బృందంలో కూడా తెలిసినవాళ్లు ఇద్దరికి మించొద్దు.

ఆస్తి రాయించుకుని తల్లిదండ్రులను వదిలేసిన కేసుల్లో 2007 నాటి చట్టం బలంగా ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, తెల్లకాగితం మీద అర్జీ చాలు. నెలకు 10,000 దాకా మనోవర్తి ఇప్పించొచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయొచ్చు. అయినా కొడుకు మీద కేసు అంటే ఏ తల్లీ ముందుకు రాదు. తొందరపెట్టకండి. 14567కు ఫోను చేస్తే వాళ్లే కొడుకుతో మాట్లాడి చూస్తారు, ఒక్కోసారి దాంతోనే సర్దుకుంటుంది.

తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. చాలామందికి దీని పేరు కూడా తెలియదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. కోర్టు వ్యవహారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. అప్పుల టెన్షన్‌తో "నేనుండి ఏం లాభం" అనే మాట ఎవరి నోటి నుంచి విన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని 14416కు ఫోను కలపండి. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు.

యానాది కాలనీల్లో

మన జిల్లాలో సాయం అందరికంటే ముందు చేరాల్సింది గిరిజనులైన యానాదులకే. చెరువు గట్టునో, గుంటల కాపలా గుడిసెల్లోనో, బాతుల వెంట ఊరూరా తిరుగుతూనో బతికే కుటుంబాలకు పుట్టిన తేదీ రాసిన కాగితం ముక్క కూడా ఉండదు. పుట్టిన సర్టిఫికెట్ లేక ఆధార్ రాదు, ఆధార్ లేక రైస్ కార్డు రాదు, కార్డు లేక ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉచిత వైద్యం అందదు.

ఒక్క కుటుంబాన్ని తీసుకుని చివరిదాకా నడపండి. కాలనీ అంతా ఒకేసారి మొదలుపెడితే అన్నీ సగంలో ఆగిపోతాయి. ఇంట్లో ఒక్కరికైనా ఆధార్ ఉంటే అక్కడ నుంచి మొదలవుతుంది. బడికి పోయిన పిల్లలుంటే హెడ్మాస్టరు దగ్గర స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. కాన్పు ప్రభుత్వ ఆస్పత్రిలో అయి ఉంటే అక్కడి రికార్డులో తేదీ దొరుకుతుంది. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, ఉంది. పదిమందికి కలిపి క్యాంపు పెట్టమని అక్కడ అర్జీ ఇవ్వండి. చిన్నప్పుడు ఆధార్ తీసిన పిల్లలకు ఐదేళ్లకు ఒకసారి, పదిహేనేళ్లకు ఒకసారి వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలని గుర్తుచేయండి.

అడ్వాన్సు తీసుకున్నామని, అది తీరేదాకా యజమాని కదలనివ్వడం లేదని ఎవరైనా చెబితే అది మామూలు అప్పు కాదు, వెట్టిచాకిరీ. 1976 నుంచే చట్టప్రకారం నేరం. యజమానితో మీరు మాట్లాడబోకండి, ఆ కుటుంబానికే ముప్పు. నేరుగా ఆర్డీఓకో కలెక్టరుకో చెప్పండి. విముక్తి పత్రం చేతికొస్తే ఆ అప్పు కూడా రద్దవుతుంది, పునరావాసం కింద డబ్బు వస్తుంది.

వానాకాలానికి ముందు

మనకు ముప్పు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలే కోసుకుపోయాయి, ఇక ఇళ్ల సంగతి చెప్పేదేముంది. సెప్టెంబరులోనే మీ పుస్తకం నుంచి ఒక పేజీ వేరుగా తీయండి. మోసుకుపోవాల్సినవాళ్లు ఎవరు, నెలలు నిండినవాళ్లు ఎవరు, డయాలసిస్‌కు వారానికి ఎన్నిసార్లు ఏ రోజున పోవాలి, ఒంటరి ముసలివాళ్లు ఎవరు, ఎవరి బాధ్యత ఎవరిది. ఆ పేజీ జిరాక్సు వీఆర్వోకు, ఏఎన్ఎంకు ఇవ్వండి. ప్రతి ఇంటికీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు ఇచ్చి ఆధార్, పాస్‌బుక్కు, రైస్ కార్డు, పొలం పాసుపుస్తకం అందులో పెట్టించండి. తడిసిపోయిన కాగితం మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

డబ్బు సంగతి, ఆ తర్వాత

ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకండి. పని అయ్యాక సంతోషంతో ఇచ్చే వంద రూపాయలు కూడా వద్దు. జిరాక్సులకు, ఆటోలకు అయ్యే ఖర్చు నలుగురూ పంచుకోండి, లేదా పొదుపు సంఘంలో తీర్మానం చేయించి కొద్ది మొత్తం పక్కన పెట్టించండి. ఒక్కసారి డబ్బు చేతిలో పడితే రేపటి నుంచి ఊరు మిమ్మల్ని బ్రోకర్లతో కలిపేస్తుంది. పింఛను ఇప్పిస్తానని వేలకు వేలు గుంజే మనిషి మీ ఊళ్లో ఇప్పటికే ఉంటే, మీరు ఉచితంగా చేయడమే అతనికి తగిన జవాబు.

పని అయిందని తెలిశాక కూడా ఒకసారి ఇంటికి పోయి చూడండి. మంజూరైంది కానీ చేతికి రాలేదు, వచ్చింది కానీ కొడుకు తీసుకుపోతున్నాడు, ఇలాంటివి ఇంటికి పోతేనే తెలుస్తాయి. డబ్బు ఆ మనిషి చేతిలో పడి, ఆ మనిషే ఖర్చు పెట్టుకుంటున్నప్పుడు ఆ పేరు పక్కన టిక్కు పెట్టండి. మొదటి ఆరు నెలలు కొత్త పేర్లు తక్కువ రాసుకున్నా ఫర్వాలేదు, ఉన్నవాటిని తేల్చండి. మీరు పెళ్లికో ఊరికో పోయిన వారం కూడా సోమవారం అర్జీ ఆగకుండా, పుస్తకం చదివి పని అందుకోగలిగేలా ఇంకొకరికి ఇప్పటి నుంచే నేర్పుతూ రండి.